కొత్తలంక మట్టంగానే ఉంది

నమోదు 611

తూర్పు వీధి ఇవాళ మళ్లీ లేచింది. లేచిందంటే కొంపలేం మునగలేదు. మట్టం చూసుకోడానికి గుమ్మాల ముందు పెట్టిన పళ్లేల్లో నీళ్లు పడమటి అంచుకి జరిగాయి, అంతే. దానికే ఆ వీధి ఆడవాళ్లు పళ్లేలు చేత పట్టుకుని నా ఆఫీసు మీదకి దండెత్తారు. "పొయ్యి మీద గిన్నె నిలవట్లేదండీ మాణిక్యం గారూ, మీరేం చేత్తన్నారండీ?" అని ఒకావిడ నిలదీసింది. పళ్లేన్ని ఎత్తి ఇక్కడికి మోసుకొస్తే అందులో మట్టం ఏం కనపడుతుందమ్మా అని అరిచాను. అరవకూడదు, తెలుసు. అయినా అరిచాను.

తేలే ఊరికి మట్టం ఇన్‌చార్జి ఉద్యోగంలో నేర్చుకోవలసింది ఒక్కటే, ఎక్కడ లేస్తే అక్కడ పొయ్యడం. తూర్పు వీధి అడుగున ఉన్న తొట్టెకి తూము తిప్పాను. సముద్రమే వచ్చి అందులో పడింది. ఆ బరువుకి వీధి దిగింది. మధ్యాహ్నానికి పళ్లేల్లో నీళ్లు కుదురుకున్నాయి. రేపు పడమటి వీధి లేస్తుంది, అక్కడా పోస్తాను. పొయ్యడానికి ఖర్చు లేదు. తోడటానికే ఖర్చు. పంపులు తిప్పితే ఊరి కరెంటంతా వాటికే చాలదు, ఆ కరెంటు మంచినీళ్ల మిషనుకి కావాలి. అందుకని పంపులకి నెలకోసారి నూనె వేయించి గదికి తాళం పెట్టి వచ్చేస్తాను. నేను చేరాక వాటిని ఒక్కసారీ తిప్పలేదు.

సాయంత్రం కింది వీధికి, నా కూతురు సింధూర ఇంటికి వెళ్లాను. పెళ్లయి ఏడాది కాలేదు. కొత్త జంటలకి కింది వీధిలోనే ఇళ్లిస్తారు, నీళ్లకి దగ్గరగా చల్లగా ఉంటుందని. ఈ వారం వాళ్ల వీధి కిటికీలన్నిటికీ ఇనప మూతలు బిగించేశారు. సముద్రం కిటికీ అంచు దాకా పెరిగిందట. పిల్ల పట్టపగలు దీపం పెట్టుకుని కూర తరుగుతోంది. "చీకటేం లేదే అమ్మా, అలవాటైపోయింది" అంది. సముద్రాన్ని తిట్టుకుంటూ పైకి వచ్చాను.

నమోదు 614

సముద్రం రాకుండా ఊరి చుట్టూ కట్టుకున్న గోడ మీద ఇవాళ పెళ్లి. తాళి కట్టగానే జంట చేత గోడ మీద ఒక ఇటుక పెట్టించడం మా ఊరి ఆచారం. బిడ్డ పుడితే ఇటుక, మనిషి పోతే ఇటుక. మంచినీళ్ల మిషన్లో మిగిలిన ఉప్పుని పూర్వం సముద్రంలోకే వదిలేసేవాళ్లు. ఇప్పుడు దాన్నే అచ్చు పోసి, ప్లాస్టిక్ పూత వేసి ఇటుకలు చేస్తున్నారు. ఆ ఘనత మా బుల్లబ్బాయి బావది. మా అక్క మొగుడు, గోడకి పెద్ద మేస్త్రి. అక్క పోయి చాలా కాలమైంది గానీ ఆయన వేళాకోళం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"ఏమే మరదలా, పెళ్లికొచ్చి కూడా నేల చూపులేనా? నీ పళ్లేలు పాడుగానూ!"

"కింది వీధి కిటికీలు మూసేశారు బావా. నా పిల్ల చీకట్లో ఉంది."

"మరేం చెయ్యమంటావే? సముద్రం పెరుగుతుంటే?" ఆయన అరచేత్తో గోడని చరిచాడు. "మా తాత లంకలో గట్టు కట్టాడు. మా నాన్న ఆ గట్టు మీద గట్టు కట్టాడు. అయినా మునిగింది. ఎందుకంటావ్? ఇంకో మూర లేపలేదు గనక. ఆ తప్పు నేను చెయ్యను."

మేమంతా మునిగిపోయిన గోదావరి లంకల నుంచి వచ్చి ఈ తేలే ఊరు ఎక్కినవాళ్లం. ఇక్కడ పుట్టిన పిల్లలు కూడా అమ్మ, అత్త తర్వాత నేర్చుకునే మాట సముద్రం పెరుగుతోందనే. పెళ్లికూతురు సిగ్గుపడుతూ ఇటుక పెట్టింది, అందరం అక్షింతలు వేశాం. భోజనాలు బాగున్నాయి, ఎండు రొయ్యల కూర రెండుసార్లు వడ్డించుకున్నాను.

నమోదు 617

మూడు వీధులు ఒక్కసారే లేచాయి. ఒక తూము తిప్పేలోపు ఇంకో వీధి నుంచి కబురు. పొద్దుటి నుంచి తూముల దగ్గరే ఉన్నాను. అన్నం తినలేదు. కబురు తెచ్చిన ప్రతివాడి మీదా విరుచుకుపడ్డాను. పళ్లేలు కళ్లు మూసుకున్నా కనపడుతున్నాయి.

బావ వచ్చి నా చేతిలోంచి తూము చక్రం లాక్కున్నాడు.

"ఇదిగో, నీకు పిచ్చెక్కుతోంది. మునిగిపోయిన లైట్‌హౌస్ మీద వాతావరణం మిషను ఆగిపోయింది. ఎవరో ఒకరు వెళ్లి బాగుచెయ్యాలని ప్రెసిడెంటు గారు అంటే నీ పేరు చెప్పాను. వెళ్లు. నాలుగు గాలులు తగిలితే బుర్ర కుదుటపడుద్ది."

"తాడు దాటమంటావా?"

"దాటితే సముద్రం తింటాదా? నీకన్నా దానికే భయం."

ఊరి చుట్టూ నీళ్లలో ఒక లావు తాడు తేలుతూ ఉంటుంది. మా వలలన్నీ దాని లోపలే. తొలి రోజుల్లో దాటిన పడవలు కొన్ని తిరిగి రాలేదు. ఆ మిషను బిగించడానికి ఒక్కసారి వెళ్లామంతే, ఆ తర్వాత దాన్నెవరూ దాటలేదు. నాకు వెళ్లాలని లేదు. కానీ ఆ పళ్లేల నుంచి ఒక్క రోజు తప్పించుకోవచ్చంటే దాటొచ్చనిపించింది.

నమోదు 618

ఇది లైట్‌హౌస్ వరండాలో కూర్చుని రాస్తున్నాను. గాలికి కాగితం ఎగురుతోంది. అక్షరాలు కుదరకపోతే కుదరకపోనీ.

పడవ నడిపింది వలల దొరబాబు. తాడు దాటాక చాలాసేపు నేను వెనక్కి తిరగలేదు, కళ్లు తిరుగుతాయేమోనని. లైట్‌హౌస్‌కి పడవ కట్టి వరండా ఎక్కాక చూశాను. కొత్తలంక అరచేతిలో పట్టేంత ఉంది. గోడ, గోడ మీద జనం, అంతే. గోడ కింద ఏమీ లేదు. నీళ్లలోంచి తిన్నగా గోడే మొలిచినట్టుంది.

గోడకి దిగువన ఊరి ఇనప పక్క మీద నిలువెత్తు అక్షరాలతో "కొత్తలంక" అని రాసి ఉండాలి. మేం ఊరెక్కిన రోజు నాన్న భుజం మీద కూర్చుని, పడవలోంచి ఆ పేరు గట్టిగా చదివాను. దాని కింద ఇంకా బోలెడు ఇనప గోడ, దాని కింద నీళ్లు. ఇప్పుడు చూస్తే నీటి అంచున తలకట్లు మాత్రమే కనపడుతున్నాయి.

"దొరబాబూ, ఆ చారలేంటి?"

"ఆ చారలాండీ? రోజూ చూత్తాను గదండీ. నాచు చారలండి." అని, చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూశాడు. వాడి మొహం పాలిపోయింది. "అమ్మగారూ... అయి అక్షరాలండీ."

రోజూ వాటి పక్కనే వల లాగినవాడు. ముక్కు ఆనించి చూస్తే నాచే మరి, వాణ్ణేమనగలను?

సముద్రం ఇంత పెరిగిందా అని వరండా మెట్ల వైపు చూశాను. ఈ మిషను బిగించిన రోజు నేనూ వచ్చాను, ఉద్యోగంలో కొత్త. నీళ్లు అప్పుడు వరండాకి ఒక్క మెట్టు కింద ఉన్నాయి. ఇప్పుడూ ఒక్క మెట్టు కిందే ఉన్నాయి. లైట్‌హౌస్ నేలలో పాతుకున్నది, అది అబద్ధం చెప్పదు.

అయినా సముద్రం పెరిగితే మాత్రం తేలే ఊరికేంటి? నీళ్లతో పాటు ఊరూ లేస్తుంది. తొట్టెలో గిన్నె తేలించి బడి పిల్లలకి ఈ పాఠం చెప్పేది నేనే. నేనే! ఛీ, ఇంత బుర్ర పెట్టుకుని ఇన్నేళ్లు పళ్లేలు చూస్తూ బతికాను. సముద్రం పెరగట్లేదు, ఊరు దిగుతోంది. తూములు తిప్పి నేను దింపుతున్నాను, ఇటుకలు పేర్చి బావ దింపుతున్నాడు. దిగిన కొద్దీ సముద్రం పెరిగిందంటాం, మళ్లీ గోడ లేపుతాం. మా తాతలు నేల మీద చేసిన పనే నీళ్ల మీదా చేస్తున్నాం.

కింది వీధి ఇప్పుడు పూర్తిగా నీటి కింద ఉంది. నా పిల్ల నీటి కింద కూర తరుగుతోంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మిషను బాగుచేశాను. తిరగడం మొదలెట్టగానే తుఫాను చూపించింది. దక్షిణాన పుట్టి ఇటే వస్తోంది. వారం రోజుల్లో మా మీదుంటుంది.

నమోదు 619

బావ విని నవ్వాడు. "దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా? అంత దూరం నుంచి చూస్తే నేను కూడా అందగాడిలా కనపడతానే."

"వేళాకోళం ఆపు. నువ్వు పంపిస్తే వెళ్లాను. ఇప్పుడు నేను పంపిస్తున్నాను, పడవెక్కు."

"గోడ పని ఎవడు చూత్తాడు?"

"గోడ పని చూడ్డానికే రమ్మంటున్నాను."

లైట్‌హౌస్ వరండాలో ఆయన నిలబడ్డాడు. కొత్తలంక వైపు చెయ్యి చూపించాను. చూసి చూసి ఆయన కటకటాలు పట్టుకుని మెల్లిగా కింద కూర్చున్నాడు.

"మీ అక్క ఇటుక నా చేత్తో పెట్టానే" అన్నాడు. "దాన్ని కూడా ఊరిని దింపే బరువు చేశానా?"

భుజం మీద చెయ్యి వేశాను. తేరుకున్నాక ఆయనే మేస్త్రిలా లెక్క మొదలెట్టాడు.

"గోడ తీసేద్దామంటే తుఫాను. అల తిన్నగా లోపలికొచ్చేత్తది. ఉంచితే ఆ బరువు మీద ఇంత వాన పడిందంటే ఊరు తిన్నగా కిందికే. ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"తొట్టెలు తోడాలి బావా. అన్నీ ఒక్కసారి."

"మంచినీళ్లో?"

"తోడినన్నాళ్లూ ఉండవు. ఇళ్లలో నిలవ ఉన్నవే."

ఆయన తల పట్టుకున్నాడు. పంచాయితీ చేత ఒప్పిద్దామనుకుని వెనక్కి వచ్చాం.

నమోదు 621

ఒప్పుకోలేదు.

ప్రెసిడెంటు సుభద్రమ్మ గారు మంచి మనిషి. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. విని ఒక్కటే అడిగారు. "మాణిక్యం గారూ, ఊరు మట్టంగా ఉందా, లేదా?"

"ఉందండీ, కానీ..."

"ఉందా, లేదా?"

"ఉంది."

"మరింకేంటండీ? మట్టంగా ఉన్న ఊరు మునుగుద్దా?"

జనం నవ్వారు. వెనక నుంచి ఒకాయన లేచి, తుఫాను ముందు మంచినీళ్లు ఆపి పిల్లల నోళ్లు ఎండగడతారా అని అరిచాడు. ఇంకొకావిడ, నీళ్లు పోసింది నువ్వే కదా, ఇన్నాళ్లూ పోసి ఇప్పుడు తోడతానంటావా, నీదేం నాలుక అంది. అదీ నిజమే. బావ గోడ మీద ఒట్టేసి చెప్పాడు. ఆ గోడ మనిషే గోడ వద్దంటున్నాడంటే మరదలు మందు పెట్టిందన్నారు. ఒక్కసారి పడవెక్కి చూడండని చేతులు జోడించాను. తుఫాను హెచ్చరిక పడ్డాక తాడు దాటకూడదని వాళ్లు రూలు చూపించారు.

తుఫాను వెళ్లాక చూద్దామన్నారు. ఈలోపు గోడకి ఇంకో వరస లేపాలని తీర్మానం. బావ పని చెయ్యనంటే ఆయన కింద పనిచేసే మేస్త్రిని పెట్టుకున్నారు. సాయంత్రానికే ఇటుకలు మోయడం మొదలైంది, ఇంటికొక మనిషి చొప్పున, పాటలు పాడుకుంటూ.

నమోదు 622

సింధూరని పైకి రమ్మని బతిమాలడానికి వెళ్లాను.

"పైన ఎక్కడ పడుకోమంటావే? నీ ఒంటి గదిలో ముగ్గురమా? నీ గురక వింటే మీ అల్లుడు సముద్రంలో దూకేస్తాడు."

"నవ్వులాట కాదు. మీరు నీటి కింద ఉన్నారు."

"అమ్మా, పళ్లెం చూడు." గుమ్మం ముందు పళ్లెం. నీళ్లు అన్ని అంచులకీ సమంగా, కదలకుండా ఉన్నాయి. "నువ్వు పెట్టిన మట్టమే కదా. నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

టీ పెట్టి ఇచ్చింది. అల్లుడు చాప మీద పడుకుని ఏదో పాట తీస్తున్నాడు. గోడలు నిటారుగా ఉన్నాయి. గ్లాసులో టీ సమంగా ఉంది. అక్కడ కూర్చున్న కాసేపటికి నాకే అనుమానం వచ్చింది. ఎండలో కళ్లు చెదిరాయేమో. నాన్న భుజం మీంచి చూసిన అక్షరాలు చిన్నతనం వల్ల అంత పెద్దవిగా కనపడ్డాయేమో. ఇంకో గ్లాసు తాగితే ఆ ఇంట్లోనే హాయిగా నడుం వాల్చేదాన్ని. దానికి భయపడి లేచి వచ్చేశాను.

దారిలో బావ కనపడితే, ఎవరు వద్దన్నా తొట్టెలు నేనే తోడేస్తానని చెప్పాను. ఆయన దొరబాబుని తీసుకుని, వైర్‌లెస్ పట్టుకుని లైట్‌హౌస్‌కి వెళతానన్నాడు. పంపుల గదికి కిటికీ లేదు. లోపల ఉన్న మనిషికి ఊరు లేచిందో లేదో తెలీదు. ఎవరో ఒకరు దూరంగా నిలబడి చూసి చెప్పాలి. తుఫానులో అక్కడ ఎలా ఉంటావు బావా అంటే, నిండా మునిగినవాడికి చలేంటే అన్నాడు.

నమోదు 623

పంపుల గది. ఇనప తలుపుకి లోపల గడియ వేశాను. మంచినీళ్ల మిషను కరెంటు ఇటు మళ్లించాను. అన్ని తొట్టెలూ సమంగా తోడుతున్నాను, ఏ వీధీ ఎక్కువ లేవకుండా. పంపుల మోతకి చెవులు గళ్లు పడుతున్నాయి. అటుకులు, బెల్లం, కూజాడు నీళ్లు తెచ్చుకున్నాను.

తలుపు బాదడం మధ్యాహ్నం మొదలైంది. మొదట మర్యాదగా పిలిచారు, తర్వాత తిట్లు. ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చి, మాణిక్యం గారూ మీకు దండం పెడతాను అన్నారు. ఆ మాట విన్న చెవులతో నేనెలా నిద్రపోతాను?

"బావా, ఏమన్నా కనపడుతోందా?"

"లేదే."

నమోదు 624

ఇళ్లలో నిలవ నీళ్లు అయిపోయినట్టున్నాయి. ఇవాళ గొంతులు బొంగురుగా ఉన్నాయి. పసిపిల్ల ఏడుపొకటి వినిపించింది. నా పక్కన కూజాలో సగం పైగా నీళ్లున్నాయి. తాగబుద్ధి కావట్లేదు.

"బావా?"

"లేదే మాణిక్యం. అవే తలకట్లు. గాలి పెరిగింది." మళ్లీ ఆయనే, "నీ లెక్క తప్పయితే?" అన్నాడు.

తప్పయితే ఊరిని దాహంతో చంపినదాన్నవుతాను. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

సాయంత్రం సింధూర వచ్చింది. "అమ్మా, నేనే. తలుపు తియ్యి. దాహంగా ఉందే. ఎవరేమన్నా నేను చూసుకుంటాను, తియ్యి." చిన్నప్పుడు జ్వరమొస్తే ఇలాగే పిలిచేది. నోరు నొక్కుకుని కూర్చున్నాను. నోరు తెరిస్తే చెయ్యి గడియ మీదకి పోతుంది.

నమోదు 625

వాన మొదలైంది. పంపుల మోతలో కూడా వినిపిస్తోంది.

పొద్దున బావ అరిచాడు. "కదిలిందే! మాణిక్యం, కదిలింది! తలకట్ల కింద తడి కనపడతాంది! ఏడవకే, విను, కదిలింది!" ఏడుస్తున్నది ఆయనే.

ఆ కాసేపు నాకు ఒళ్లు తెలియలేదు. కూజా ఎత్తి గటగటా తాగాను, సిగ్గు లేకుండా. ఇంకొక్క రోజు తోడితే చాలు, తుఫాను మీదికొచ్చేసరికి కింది కిటికీలు నీళ్ల పైకొస్తాయి. ఊరు నిలుస్తుంది.

అప్పుడే సింధూర మళ్లీ వచ్చింది. ఈసారి పిలవలేదు, కేక పెట్టింది. "అమ్మా! గొట్టం పగిలింది! నువ్వు తోడే నీళ్లు మా వీధిలో పడుతున్నాయి! మెట్ల దగ్గర మోకాళ్ల దాకా వచ్చాయి. ఆయన ఇంకా కిందే ఉన్నాడు, మా తలుపు తెరుచుకోవట్లేదు. ఒక్క గంట ఆపవే, మనుషుల్ని తీసేదాకా ఆపు!"

తోడిన నీళ్లు బయటికి పోయే పాత గొట్టాలు కింది వీధి మీంచే వెళతాయి. ఇన్నేళ్లూ వాటిలో ఒక్క చుక్కా పారలేదు. పగిలి ఉండొచ్చు. నా చేత తలుపు తీయించడానికి ఊరివాళ్లే నేర్పించి పంపించి ఉండొచ్చు కూడా. ఆపితే వాళ్లు లోపలికొస్తారు, మళ్లీ నన్ను తిప్పనివ్వరు.

"బావా, కింది వీధి ఎలా ఉంది? చూడు, నీళ్లొచ్చాయా?"

"ఇక్కణ్ణుంచి కింది వీధేం కనపడద్దే? ఊరు కనపడతాంది. బాగా లేస్తాంది. ఏం, ఏమైంది?"

స్విచ్చి మీద చెయ్యి పెట్టాను. దూరంగా ఉన్నవాడికి నా పిల్ల కనపడదు. దగ్గరున్న నాకు ఊరు కనపడదు. తలుపు అవతల అది ఏడుస్తోంది, ఆ ఏడుపు నాకు తెలుసు, ఒకరు నేర్పితే వచ్చేది కాదు.

ఆపలేదు.

పైకెక్కండి, తలుపు పగలగొట్టి ఇద్దరూ పైకెక్కండి అని తలుపుకి నోరు ఆనించి అరిచాను. పంపుల మోతలో దానికి వినపడిందో లేదో తెలీదు. నా కాళ్ల కింద మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు విన్నాననుకుంటాను. అది కూడా పంపులదేనేమో.

నమోదు 626

"అక్షరాలు నడుం దాకా వచ్చాయే!" వైర్‌లెస్‌లో గాలి హోరు మీంచి బావ అరుస్తున్నాడు. "ఇంత అల కొడుతున్నా ఊరు బెండులా తేలుతోంది! మాణిక్యం, గెలిచావే! వింటన్నావా? మాట్లాడవేంటే?"

వింటున్నాను. తలుపు అవతల ఇంకా బాదుతున్నారు, దానికి చెవి ఆనించి ఒక్కో గొంతూ పోల్చుకుంటున్నాను. ప్రెసిడెంటు గారి గొంతుంది. తూర్పు వీధి ఆడవాళ్లున్నారు. అల్లుడి గొంతు కూడా ఉంది, బొంగురు పోయి, అత్తయ్యా అత్తయ్యా అంటోంది. సింధూర గొంతు లేదు.